కిటికీలు లోపలికి ఉన్న మేడ



మా అమ్మగారి ట్రంకుపెట్టెలో ఒక ఛాయాచిత్రం ఉంది. రంగులు వెలిసి ఎర్రబారింది. అందులో ముగ్గురు మనుషులు ఎండకు కళ్ళు చిట్లించి నిలబడి ఉన్నారు. నడుమ ఉన్నవారు మా నాన్నగారు. వారి వెనుక ఒక గోడ. చిత్రం పై అంచు దాకా గోడే. ఒక కిటికీ గాని, తలుపు గాని, కనీసం ఒక బెజ్జం గాని లేదు. చిత్రం వెనుక నాన్నగారి ఉర్దూ దస్తూరీలో మూడు ముక్కలు: జిద్దా, 1982. ఈ మేడకు 27 అంతస్తులు. కిటికీలు లోపలికి ఉంటాయి.

ఆ చివరి మాట చిన్ననాడు నాకు అర్థం కాలేదు. లోపలికి కిటికీ ఎందుకు? లోపల చూడవలసినది ఏముంటుంది? మా అమ్మగారైతే "కిటికీ లేని ఇంట్లో ఎవరుంటారు, సమాధిలో తప్ప" అని నవ్వేవారు. అప్పుడు నేను పన్నెండు, పదమూడేళ్ళ వాడిని. ఊరికి దూరంగా మదరసాలో చదువుకుంటూ, సెలవులకు కడప జిల్లాలోని మా ఊరు వచ్చినప్పుడల్లా ఆ పెట్టె తెరిచి ఆ చిత్రం చూసేవాడిని. నా చదువుకు, తిండికి, బట్టకు డబ్బు ఆ గోడ దగ్గరి నుంచే వస్తున్నదని మాత్రం తెలుసు.

గత చలికాలంలో అల్లాహ్ దయవల్ల ఉమ్రా భాగ్యం కలిగింది. మక్కా, మదీనాల దర్శనం ముగిశాక తిరుగు ప్రయాణానికి రెండు రోజుల వ్యవధి ఉంటే, జిద్దాలోని మా మేనల్లుడి గదిలో ఉన్నాను. అతను ఏసీ మరమ్మతు పని చేస్తాడు. శుక్రవారం సెలవు. జుమా నమాజు అయ్యాక, ఎక్కడికి తీసుకువెళ్ళమంటారని అడిగాడు. చెప్పాను.

"మామూ, జిద్దాకు వచ్చినవాళ్ళు సముద్రం ఒడ్డున మసీదు చూస్తామంటారు, ఆ పెద్ద ఫౌంటెన్ చూస్తామంటారు. మీరేమో బ్యాంకు చూస్తానంటున్నారు!" అని నవ్వాడు.

ఆ నవ్వులో ఒక ముల్లు ఉందని అతనికి తెలియదు. ఆ ముల్లు నాది. దాని సంగతి చెప్పడానికే ఈ నెల కలం పట్టాను. అయితే ముందు మేడ సంగతి చెప్పాలి.

కారు దూరంగా నిలిపి, పాత పట్టణం గుండా నడిచి వెళ్దామన్నాను. దీనిని అల్ బలద్ అంటారు. 2014లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలాల జాబితాలో చేరింది. ఎర్ర సముద్రపు పగడపు రాతితో కట్టిన ఇళ్ళు నాలుగైదు అంతస్తుల ఎత్తున ఒకదానికొకటి భుజం ఆనించి నిలబడి ఉంటాయి. వాటి ముఖాల మీద కొయ్యతో చేసిన పెద్ద పెద్ద గూళ్ళు బయటికి పొడుచుకు వచ్చి ఉంటాయి. వీటిని రోషన్ అంటారు. సన్నని చెక్క జాలీల గుండా గాలి లోపలికి వస్తుంది, ఎండ రాదు. లోపలి ఆడవారికి వీధి కనబడుతుంది, వీధికి వారు కనబడరు. నసీఫ్ గారి ఇల్లు అనే ఒక పెద్ద భవంతి ముందు ఒక చెట్టు ఉంది. దగ్గరికి వెళ్ళి చూద్దును కదా, మన వేపచెట్టు! ఒకప్పుడు జిద్దా మొత్తానికి అదొక్కటే చెట్టని, అందుకే దానిని చెట్టున్న ఇల్లు అని పిలిచేవారని చెబుతారు. 1925లో రాజు అబ్దుల్ అజీజ్ జిద్దాలో ప్రవేశించినప్పుడు ఆ ఇంట్లోనే బస చేశారు. నాకు రాజు కంటే ఆ వేపచెట్టే ఎక్కువ గుర్తుండిపోయింది. ఒక ఆకు తుంచి నలిపి వాసన చూశాను. అదే చేదు.

పాత పట్టణం అంచు దాటి కింగ్ అబ్దుల్ అజీజ్ వీధి వైపు వస్తే, సరస్సులాగా లోపలికి చొచ్చుకు వచ్చిన సముద్రపు పాయ దగ్గర మేడ కనబడింది.

నేను దానిని ముందే గుర్తుపట్టాను. మేనల్లుడు వేలు చూపవలసిన పని లేకపోయింది. ఆ చుట్టుపక్కల అన్నీ కార్యాలయాలు, హోటళ్ళు, దుకాణ సముదాయాలు. అన్నింటికీ వరుసలు వరుసలుగా కిటికీలు. వాటి నడుమ ఇదొక్కటే నోరు మూసుకుని నిలబడి ఉంది. నున్నని లేత గోధుమ వన్నె రాతి గోడ నేల నుంచి ఆకాశం దాకా. నాలుగు మూలల మేడ కాదిది, మూడు మూలలది. అందుచేత ఒక వైపు నుంచి చూస్తే కత్తి అంచులా, మరో వైపు నుంచి చూస్తే పరదాలా ఉంటుంది. ఆ గోడలో అక్కడక్కడ కిటికీలకు బదులు మూడంటే మూడే పెద్ద ద్వారాలు కోసి పెట్టారు. ఒక పార్శ్వంలో రెండు, ఒకదానిపై ఒకటి. మరో పార్శ్వంలో, వాటి నడిమి ఎత్తులో, ఒకటి. ఒక్కొక్కటి సుమారు ఏడంతస్తుల ఎత్తు. మా ఊరి మసీదు మినార్లతో సహా అందులో పెట్టి ఉంచవచ్చు. పక్కనే గుండ్రని గాదెలాంటి కట్టడం ఒకటి ఉంది. అందులో నాలుగు వందల కార్లు నిలుస్తాయి.

ఆ పెద్ద ద్వారాలలోకి తేరిపార చూస్తే, లోతున, నీడలో అద్దాలు మెరిశాయి. అప్పుడు తెలిసింది. కార్యాలయాల కిటికీలన్నీ ఆ గూళ్ళ లోపలి గోడలకు ఉన్నాయి. బయటి గోడ ఎండను కాస్తుంది. లోపలివాళ్ళు ఆ నీడపట్టున ఉన్న ముంగిలిలోకి చూస్తారు, ముంగిలి గుండా పట్టణాన్నీ సముద్రాన్నీ చూస్తారు. నాన్నగారు రాసింది అక్షరాలా నిజం. కిటికీలు లోపలికి ఉన్నాయి.

ఇది నేషనల్ కమర్షియల్ బ్యాంకు ప్రధాన కార్యాలయంగా 1983లో పూర్తయిన మేడ. అరబ్బులు ఆ బ్యాంకును అల్ అహ్లీ అంటారు. సౌదీ దేశంలో 1953లో ఏర్పడిన బ్యాంకు అది; 2021లో మరో బ్యాంకుతో కలిసి పేరు మార్చుకుంది. మేడకు నమూనా గీసినవారు గోర్డన్ బన్‌షాఫ్ట్ అనే అమెరికా వాస్తుశిల్పి, స్కిడ్‌మోర్ ఓవింగ్స్ అండ్ మెరిల్ అనే సంస్థలో పెద్ద. ఈయన గురించి ఒక వింత ఉంది. 1952లో న్యూయార్కు నగరంలో లీవర్ హౌస్ అనే అద్దాల మేడను గీసిన మనిషి ఈయనే. నేడు ప్రపంచంలో ఏ పట్టణంలో చూసినా, మన హైదరాబాదు గచ్చిబౌలిలో చూసినా, అద్దాల పెట్టెలు నిలబెట్టినట్టు కార్యాలయాలు కనబడతాయే, ఆ వంశానికి మూలపురుషులలో అదొకటి. ఆ మనిషే ముప్ఫై ఏళ్ళ తరువాత, వృత్తి చివరి దశలో, జిద్దా ఎండను చూసి, బయటికి ఒక్క అద్దం కూడా కనబడని మేడ గీశారు. 1988లో ఆయనకు వాస్తుశిల్పులకిచ్చే ప్రిట్జ్‌కర్ బహుమానం వచ్చింది. తాను వేసిన బాటనే తాను వదిలి పక్కకు నడవడం చదువుకున్నవాళ్ళకు ఎంత కష్టమో నాకు తెలుసు.

"మామూ, ఇది చలికాలం కాబట్టి మీరు ఇలా నిలబడి చూడగలుగుతున్నారు. జూలైలో రావాలి" అన్నాడు మేనల్లుడు. "అద్దాల బిల్డింగుల పైకప్పు మీద మేము పని చేస్తుంటాం కదా, ఏసీలు ఏడుస్తాయి. ఎండ అద్దంలోంచి లోపలికి వస్తుంది, తిరిగి పోవడానికి దారి ఉండదు. దానిని బయటికి తోయడానికే సగం కరెంటు. ఇక్కడ ఎండను గోడ దగ్గరే ఆపేశారు. పెద్దాయన ఎవరో గానీ పనివాడు."

లోపల ఇంకొక ఏర్పాటు కూడా ఉంది. కింది అంతస్తులో ప్రజలు వచ్చే బ్యాంకు హాలు పైకప్పు నుంచి మేడ చిట్టచివరి దాకా నడుమ ఒక గొట్టంలాంటి ఖాళీ వదిలారు. వేడెక్కిన గాలి ఆ దారిన పైకి వెళ్ళిపోతుంది, పైనుంచి వెలుతురు కిందికి దిగుతుంది. ఇది వినగానే నాకు అమెరికా గుర్తు రాలేదు, మా పాత మిద్దె ఇంటి గవాచి గుర్తు వచ్చింది. రాయలసీమ మిద్దెలలో పెరిగిన పాఠకులకు ఇది విడమరిచి చెప్పనక్కరలేదు. వీధి వైపు మందపాటి గోడ, చిన్న తలుపు, కిటికీలు అంతంత మాత్రం. నడి ఇంట్లో కప్పుకు ఒక రంధ్రం, దానిలోంచి పగలంతా నేల మీద ఒక వెలుగు బిళ్ళ జరుగుతూ ఉండేది. వంట పొగా, వేడీ అటే పోయేవి. ఆ వెలుగు బిళ్ళ ఏ బండ మీదికి వస్తే జుహర్ వేళో మా నానమ్మకు తెలుసు.

కొందరు ఈ మేడను ఇస్లామీయ నిర్మాణమని పొగుడుతారు. పరదా పద్ధతిని రాతిలో చూపించారని అంటారు. నాకు ఆ మాట అంతగా రుచించదు. భవనానికి ఈమాన్ ఉండదు. దానికి ఎండ ఉంటుంది, గాలి ఉంటుంది, అందులో బతికేవాళ్ళుంటారు. ఎండ ఎక్కువైన ప్రతి దేశంలోనూ మనుషులు గోడను ఎండకిచ్చి ముంగిలిని తాము ఉంచుకున్నారు. దమస్కు ఇళ్ళూ అంతే, మన మండువా లోగిళ్ళూ అంతే. ఆ వివేకాన్ని 27 అంతస్తులకు పెంచి నిలబెట్టడం ఈ మేడ గొప్పతనం. అది చాలు.

అదే సంస్థ, అదే బన్‌షాఫ్ట్ జిద్దాలోనే మరొక కట్టడం కూడా గీశారు. హజ్‌కు వెళ్ళివచ్చిన మీలో చాలామంది దాని కింద గంటలు గంటలు కూర్చునే ఉంటారు. విమానాశ్రయంలోని హజ్ టెర్మినల్. 2011లో హజ్‌కు వెళ్ళినప్పుడు నేనూ ఆ తెల్లని గుడారాల కింద ఒక రాత్రి, సగం పగలు గడిపాను. 210 గుడారాలు. గాజు నారతో నేసి, ఎండకూ మాపుకూ తట్టుకునే పూత పూసిన గుడ్డ. నాలుగు వైపులా గోడలు లేవు. వేడి గాలి గుడారాల కొసల నుంచి పైకి పోతుంది. ఇక్కడ అన్నీ మూసిన మేడ, అక్కడ అన్నీ తెరిచిన గుడారం, ఎండ ఒక్కటే. దానిని నిలబెట్టే లెక్క కట్టిన ఇంజనీరు పేరు ఫజ్లుర్ రహ్మాన్ ఖాన్. 1929లో ఢాకాలో పుట్టిన బెంగాలీ ముస్లిం. తండ్రి గణితం బోధించినవారు, గణిత పాఠ్యపుస్తకాలు రాసినవారు. కలకత్తా దగ్గర శిబ్‌పూర్ ఇంజనీరింగు కళాశాలలోనూ, ఢాకాలోనూ చదివి, 1952లో విద్యార్థి వేతనంతో అమెరికా వెళ్ళారు. షికాగోలో వంద అంతస్తుల జాన్ హాన్‌కాక్ భవనం, ఆ తరువాత చాలా ఏళ్ళు ప్రపంచంలోకెల్లా ఎత్తైనదిగా నిలిచిన సియర్స్ టవర్ ఆయన లెక్కల మీదే నిలబడ్డాయి. పన్నెండో తరగతి పిల్లలున్న తల్లిదండ్రులారా, ఈ పేరు ఇంట్లో ఒకసారి చెప్పండి.

ఆయన 1982 మార్చి 27న గుండెపోటుతో కన్నుమూశారు. ఎక్కడ? ఈ జిద్దాలోనే. పని మీద వచ్చి. వయసు 52. ఇన్నా లిల్లాహి వ ఇన్నా ఇలైహి రాజిఊన్.

ఆ రోజు మా నాన్నగారూ ఇదే పట్టణంలో, ఈ గోడకు రాతి పలకలు బిగిస్తూ ఉండి ఉంటారు. ఒకరి గురించి ఇన్ని పుస్తకాలు ఉన్నాయి, తేదీతో సహా చెప్పగలుగుతున్నాను. రెండోవారు ఏ అంతస్తులో పని చేశారో, ఏ పార్శ్వంలో పని చేశారో నాకు తెలియదు. ఎందుకు తెలియదంటే, ఆయన చెప్పబోయినప్పుడు నేను వినలేదు.

మా నాన్నగారు కడప బండ కోసేవాళ్ళ ఇంట్లో పుట్టి, తాపీ పని నేర్చి, 1980లో బొంబాయి మీదుగా జిద్దా వెళ్ళారు. 1984లో తిరిగి వచ్చారు. రసమట్టం, మూలమట్టం, తూకం గుండు తప్ప ఆయనకు వేరే విద్య లేదు. ఖుర్ఆన్ నాజిరా చదివేవారు, అర్థం తెలియదు. ఆ అర్థం తెలిసిన కొడుకు కావాలని నన్ను పంపించారు. నేను ఆలిమ్ పట్టా పుచ్చుకుని ఇల్లు చేరిన సంవత్సరం, రమజాన్ నెలలో మా ఊరి మసీదులో నా చేత తరావీహ్ తరువాత ప్రసంగాలు చేయించారు. ఇరవై రెండేళ్ళ వయసు, గొంతు బాగుండేది. ఒక రాత్రి వడ్డీ నిషేధం మీద మాట్లాడాను. సహీహ్ ముస్లింలోని ప్రసిద్ధ హదీసు వివరించాను. వడ్డీ తినేవాడు, తినిపించేవాడు, దాని పత్రం రాసేవాడు, దానికి సాక్షులుగా నిలిచే ఇద్దరు, అందరూ శాపానికి గురైనవారేనని. అంతటితో ఆగితే బాగుండేది. బ్యాంకులకు ఏ రూపంలో తోడ్పడినవారూ ఆ పాపంలో భాగస్థులేనని గొంతెత్తి చెప్పాను. అల్ మాయిదా సూరాలో పాపానికి సహకరించవద్దన్న ఆజ్ఞను ఆధారంగా చూపాను. ముందు వరుసలో మా నాన్నగారు కూర్చుని ఉన్నారు. ప్రసంగం వేడిలో నాకు ఆ ఛాయాచిత్రం గుర్తు రాలేదు. గుర్తు వచ్చి కూడా మాట్లాడానేమో, ఇన్నేళ్ళ తరువాత నేను నిశ్చయంగా చెప్పలేను.

ఇంటికి వచ్చాక ఆయన కాళ్ళు కడుక్కుని, చాప మీద కూర్చుని, నన్ను అడిగారు.

"మౌలానా, ఆ హదీసులో మేస్త్రీ కూడా ఉన్నాడా?"

అది వెటకారం కాదు. ఆలిమ్‌నైన రోజు నుంచి ఆయన నన్ను పేరు పెట్టి పిలవలేదు. మౌలానా అనే పిలిచేవారు. చదువుకోని మనిషి చదువుకున్న మనిషిని మస్అలా అడిగారు, అంతే. ఆ ప్రశ్నకు సమాధానం 'లేడు' అన్న ఒక్క మాట. ఆ హదీసులో మేస్త్రీ లేడు. దాని తరువాత చెప్పదలిస్తే, పండితుల మధ్య దీనిపై చర్చ ఉంది అబ్బాజాన్, చూసి చెబుతాను అనవచ్చు. నేను ఆ ఒక్క మాట అనలేదు. సహకారం అంటే ఏమిటో, కారణం ఎన్ని రకాలో, అరగంట సేపు ఆయనకు పాఠం చెప్పాను. ఆయన చివరిదాకా విన్నారు. "సరే నాయనా, అల్లాహ్ క్షమించుగాక" అని లేచి వెళ్ళి పడుకున్నారు.

ఆ తరువాత ఆయన ఇరవై ఏళ్ళకు దగ్గరగా బతికారు. నా ఎదుట జిద్దా మాట ఎత్తలేదు. అంతకు ముందు ఎవరైనా కదిపితే చాలు, గోడ ఎంత ఎత్తో, రాయి ఎంత మెత్తనిదో చెప్పేవారు. మనుమలు ఆ చిత్రం తెచ్చి అడిగితే కూడా, నేను ఉంటే, "పాత సంగతులులే" అని పక్కన పెట్టేవారు. ఇంట్లో ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే ఎంతో బాగుండేది.

అల్లాహ్ శిక్షణ ఎలా ఉంటుందో చూడండి. నేను మదరసాలో పై తరగతులకు హిదాయా బోధిస్తాను. ఎనిమిది వందల ఏళ్ళ క్రితం ఫర్గానాకు చెందిన బుర్హానుద్దీన్ మర్గీనానీ గారు రాసిన హనఫీ ధర్మశాస్త్ర గ్రంథం. అందులో ఒక మస్అలా ఉంది. ఒక ముస్లిం కూలివాడు ముస్లిమేతరుని మద్యాన్ని మోసి కూలి పుచ్చుకుంటే ఆ కూలి ఏమవుతుంది? ఇమామ్ అబూ హనీఫా ఆ కూలి చెల్లుతుందన్నారు. పాపం మోతలో లేదు, ఆ తరువాత తాగేవాడు తన ఇష్టంతో చేసే పనిలో ఉంది అన్నది దాని వెనుక తర్కం. ఆయన శిష్యులు ఇమామ్ అబూ యూసుఫ్, ఇమామ్ ముహమ్మద్ మాత్రం అది మక్రూహ్ అన్నారు. అంత పెద్దవారు ముగ్గురు, ఒకే పాఠశాలవారు, ఏకాభిప్రాయానికి రాని చోట నేను ఇరవై రెండేళ్ళకే తీర్పు చెప్పేశాను. అదీ కన్నతండ్రికి. ఆ పుట నేను విద్యార్థిగా చదివినదే. పరీక్షలో రాసినదే. పాఠం చెప్పడానికి కూర్చున్న మొదటి సంవత్సరం ఆ పుట వచ్చినప్పుడు గొంతు పట్టుకుపోయి, నీళ్ళు తాగి వస్తానని లేచి వెళ్ళాను. ఇప్పటికీ ఏటా ఆ పుట వస్తుంది.

దీనిని ఎవరూ ఫత్వాగా పట్టుకోవద్దు. బ్యాంకులో వడ్డీ లెక్కలు రాసే ఉద్యోగం వేరు, దాని గోడకు రాయి బిగించిన కూలి వేరు. ఈనాటి పండితులలోనూ రెండు అభిప్రాయాలు ఉన్నాయి. మీ సమస్య ఏదైనా ఉంటే దగ్గరలోని ముఫ్తీ గారికి వివరాలన్నీ చెప్పి అడగండి. వడ్డీ విషయంలో నేను ఆ రాత్రి చెప్పిన మూలసూత్రం నుంచి నేటికీ ఒక్క వెంట్రుక పక్కకు జరగలేదు. నేను జరిగింది ఇంకొక చోట.

మేడ కింద కాలిబాట మీద నిలబడి చాలాసేపు చూశాను. గోడను ఒకసారి చేత్తో తాకాలని ఉంది. సెలవు రోజు, తలుపులు మూసి ఉన్నాయి, కాపలావారు ఉన్నారు. అడగవలసింది, మొహమాటపడ్డాను. ఆ రాయి నాకు కొత్తదేమీ కాదు. దానిని ట్రావర్‌టైన్ అంటారు. మన కడప నాపరాయిలాగే సున్నపురాయి జాతిదే, కాని దాని ఒంటి నిండా చీమ దూరేటంత చిల్లులు ఉంటాయి. నాన్నగారు దానిని చిల్లుల రాయి అనేవారు. వచ్చేటప్పుడు విరిగిన ముక్క ఒకటి, అరచేయంత, పెట్టెలో వేసుకుని వచ్చారు. దానిని ఇంట్లో ఎవరూ అలంకారంగా పెట్టుకోలేదు. మా పెరటి గోలెం దగ్గర కాళ్ళు తోముకునే రాయిగా నలభై ఏళ్ళ నుంచీ ఉంది. వుజూ చేసేటప్పుడు ఎన్ని వేలసార్లు దాని మీద మడమ రుద్దానో. ఆ ప్రసంగం చేసిన రాత్రి కూడా.

"నానీకి ఫోన్ చేద్దామా మామూ?" అన్నాడు మేనల్లుడు. వీడియో కలిపాడు. మా అమ్మగారికి ఎనభై దాటాయి. ఇంటి ముందు మంచం మీద కూర్చుని తస్బీహ్ చదువుకుంటున్నారు. ఫోను మేడ వైపు తిప్పాను.

"ఎండలో నిలబడ్డావేంటి బేటా? ఏమిటది, గోడా?"

"కిటికీలు లేని ఇల్లు, అమ్మీ. అబ్బాజాన్ కట్టినది."

కొంచెంసేపు మాట లేదు. చెల్లెలు ఫోను ఆమె ముఖానికి దగ్గరగా పెట్టినట్టుంది. తెర నిండా ఒక కన్ను, కళ్ళద్దం అంచు కనబడ్డాయి.

"ఆ పెద్ద బొక్కలు రెండు ఉన్నాయే, పైది చూపించు" అన్నారు. చూపించాను. "అక్కడే. అక్కడ కూర్చుని అన్నం తినేవాళ్ళట. కింద కాళ్ళు కాలిపోతున్నా అక్కడ గాలి వచ్చేదట. జుహర్ నమాజు అక్కడే. మీ అబ్బాజాన్ క్యాసెట్టులో చెప్పారు."

"ఏ క్యాసెట్టు?"

"అప్పట్లో ఉత్తరాలు రాయలేక క్యాసెట్టులో మాట్లాడి పంపేవారు కదా. నాలుగో ఐదో వచ్చాయి. గాలి చప్పుడు కూడా వినిపించేది అందులో. మేడ మీద కూర్చుని మాట్లాడినది ఒకటి."

"అవి ఎక్కడ ఉన్నాయి అమ్మీ?"

"నువ్వే కదా తీసుకున్నావు, బయాన్లు రికార్డు చేసుకుంటానని."

నేను తీసుకున్నాను. నిజమే. పట్టా పుచ్చుకుని వచ్చిన కొత్తలో, నా ప్రసంగాలు నేను విని సరిదిద్దుకోవడానికి. ఖాళీ క్యాసెట్టు కొనడానికి డబ్బులు లేక ఇంట్లో ఉన్న పాతవి అడిగాను. నాన్నగారే పెట్టె తెరిచి ఇచ్చారు. ఏమున్నదో అందులో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు.

మేనల్లుడు పక్కకు తిరిగి సముద్రం చూస్తున్నట్టు నిలబడ్డాడు.

"అక్కడి నుంచి ఓడలు కనబడేవట" అంటున్నారు అమ్మగారు. "బొంబాయి నుంచి హాజీలు వచ్చే ఓడ ఏదో అని చూసేవారట. అందులో మన ఊరివాళ్ళు ఎవరైనా ఉంటారేమోనని. కనబడుతున్నాయా?"

బొంబాయి నుంచి హాజీల ఓడలు రావడం ఆగిపోయి ముప్ఫై ఏళ్ళు అయింది. అయినా రేవు వైపు చూశాను. అడ్డంగా ఇళ్ళు, పైవంతెన.

"కింది నుంచి కనబడవు అమ్మీ. పైకి వెళితే కనబడతాయేమో."

"అయితే పైకి వెళ్ళి చూడు."

"ఈ రోజు సెలవు."

"సరేలే. ఇక్కడ మగ్రిబ్ వేళయింది, పెట్టేస్తున్నాను" అన్నారు. మాకు ఇంకా అసర్ అజాన్ కాలేదు. వెలుతురు ఉండగానే పై ద్వారాన్ని ఒక ఫొటో తీశాను. అందులో చాలా దూరంగా, నీడలో ఒక అద్దం మీద సముద్రపు తెలుపు పడి ఉంది. ఇంటికి వెళ్ళాక దానిని పెద్దది చేయించి, ఆ పాత చిత్రం పక్కన పెట్టమని అమ్మగారికి ఇచ్చాను.